ఊరికే అన్న మాటకు బొమ్మ

మా డిజైన్ కాలేజీలో ఆవిడను అందరూ గోల మేడం అంటారు. అలాగని ఆవిడ ఎవరినీ గట్టిగా కసిరిన పాపాన పోలేదు. పిల్లలు చేసుకొచ్చిన వీడియో గానీ యాప్ గానీ చూసి, కళ్లజోడు సర్దుకుని, "ఇందులో గోల ఎక్కువైంది నాన్నా" అంటుంది, అంతే. చెప్పేవాళ్లకూ అందుకునేవాళ్లకూ మధ్య అడ్డొచ్చే ప్రతిదీ ఆవిడ లెక్కలో గోలే. అక్కర్లేని సంగీతం గోల, మెరిసే అక్షరాలు గోల. ఇంకో నియమం కూడా ఉంది. పనిని పరీక్షించేటప్పుడు, చేసినవాళ్లు నోరు మూసుకుని చూస్తూ కూర్చోవాలి. "వాడేవాళ్ల పక్కన నిలబడి నువ్వు రోజూ అర్థం చెప్పలేవు కదా" అంటుంది. ఆవిడ దగ్గర చదివే రోజుల్లో ఆ నియమానికి బలై నేనూ ఏడ్చాను. ఇప్పుడు ఆవిడ పక్క గదిలోనే పాఠాలు చెబుతున్నాను.

ఆవిడ భర్త టైలరు. సగం ఊరి కొలతలు, ఊరందరి కబుర్లు ఆయన దగ్గరుండేవి. మధ్యాహ్నం మిషను ఆపి కాలేజీకి ఫోను చేసేవాడు.

"ఏమిటండీ?"

"ఏం లేదు, ఊరికే."

"ఊరికే ఎవరైనా ఫోను చేస్తారా? విషయం ఉంటే చెప్పండి" అని విసుక్కుని పెట్టేసేది. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. మర్నాడు మళ్లీ చేసేవాడు.

పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. ఒక చేయి మాత్రం ఆడుతుంది. మనసులోది చెప్పుకునే దారి దొరక్కపోతే మనిషి లోపలికి ముడుచుకుపోతాడని, తర్వాత బయటికి రప్పించడం కష్టమని డాక్టరు హెచ్చరించాడు. మేడం సెలవు పెట్టి, టాబ్లెట్‌లో ఆయనకోసం బొమ్మల పలక తయారుచేసింది. బొమ్మ నొక్కితే ఆ మాట పలుకుతుంది. నీళ్లు, భోజనం, నొప్పి, ఫ్యాను, దుప్పటి.

ఆయన నీళ్ల బొమ్మ ఒక్కటే నొక్కేవాడు. గ్లాసు తెచ్చిస్తే తాగేవాడు కాదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే మళ్లీ "నీళ్లు". బొమ్మ తప్పేమోనని కుళాయి తీసేసి గ్లాసు వేసింది. పెద్దది చేసింది. రంగు మార్చింది. సాయానికి వచ్చిన ఆడపడుచు ఓ రోజు ఉండబట్టలేక అనేసింది. "వదినా, అన్నయ్యకు తెలివి కూడా పోయినట్టుంది."

నేను చూడ్డానికి వెళ్లేసరికి మేడం కళ్లు ఉబ్బి ఉన్నాయి. "బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. అందరికీ పాఠాలు చెప్పాను, ఈయనకు ఒక్క మాట అందించలేకపోయాను" అంది.

నాకు ఒళ్లు మండింది. జాలితోనే మండింది. "మీ నియమం మీకు వర్తించదా మేడం? నోరు మూసుకుని కూర్చోండి" అనేసి నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం బుద్ధిగా కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

చాలాసేపు చూశాం. ఆయన ఏమీ నొక్కలేదు. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. మేడం లేచి నాలుగడుగులు వేసిందో లేదో, "నీళ్లు" అంది పలక. నిండు గ్లాసు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన దానివైపు చూడనే లేదు, ఆవిడ వైపే చూస్తున్నాడు. తలుపు సంగతి వదిలేసి ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుంది. ఆయన చేయి పలక మీంచి జారి ఒళ్లో పడింది.

"దాహం కాదు" అంది మేడం మెల్లగా. "బొమ్మలు దిద్దుతూ కూర్చున్నాను గానీ, ఈయన చెప్పాలనుకున్న మాటే పలకలో లేదు. ఊరికే పిలవడానికి ఏమీ పెట్టలేదు నేను."

గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఊరికే అన్న మాటకు ఏం బొమ్మ వేయాలని మేడమూ నేనూ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. నేను గుండె గీస్తే గోల అంది. పిట్టను గీస్తే అదీ గోలే. చివరికి ఒక గడిని ఖాళీగా వదిలేసింది. అది నొక్కితే పలక మాట్లాడదు, ఆవిడ ఫోను మోగుతుంది. ఎత్తితే ఆవిడ మాట పలకలోంచి ఆయనకు వినిపిస్తుంది.

సెలవు అయిపోయి ఆవిడ కాలేజీకి వచ్చిన రోజు, నేను ఆవిడ క్లాసులో వెనక కూర్చున్నాను. ఫోను తీసినవాళ్లను బయటికి పంపేసే మనిషి కదా, పాఠం మధ్యలో ఆవిడ ఫోనే మోగేసరికి పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. ఆవిడ ఫోను ఎత్తింది.

"ఆఁ, చెప్పండి" అంది. కళ్లజోడు సర్దుకుంది. "నేనా? పాఠం చెబుతున్నాను. పిల్లలు నవ్వుతున్నారు. మీరు తిన్నారా? సరే. పెట్టేయకండి, ఉండండి."

ఫోనును అలాగే బల్ల మీద పెట్టి, ఆపిన చోటి నుంచి మళ్లీ పాఠం మొదలుపెట్టింది.