జోక్ చెప్పకముందే నవ్వేవాళ్లు

మా చిన్నప్పుడు... లెక్కల సార్ బోర్డు మీద లెక్క వేసి, "జవాబెంత?" అని నన్ను లేపారు. లేచి, చేతులు కట్టుకుని, "సోంచాయిస్తాన సార్" అన్నాను.

క్లాసు పగలబడి నవ్వింది. సార్ కూడా సుద్దముక్క పట్టుకునే నవ్వారు.

ఆలోచిస్తున్నాను అని చెబితే ఇంత నవ్వెందుకో అర్థం కాలేదు. కానీ నచ్చింది. అప్పుడే వరంగల్ పక్కన మా ఊరి నుంచి తెచ్చి హైదరాబాద్‌లో హాస్టల్ బడిలో వేశారు... ఆరో తరగతి... ఒక్క దోస్తు లేదు. అలాంటిది క్లాసంతా ఒక్కసారిగా నావైపు తిరిగింది. ఓహో, నాకు నవ్వించడం వచ్చన్నమాట అనుకున్నాను.

ఇంకేముంది... చొక్కాని అంగి అన్నా నవ్వే, గ్లాసుని గిలాస అన్నా నవ్వే. "తలకాయ నొస్తాంది మేడం" అంటే, మాత్ర ఇచ్చేముందు మేడం పక్క గది మేడంని పిలిచి మళ్లీ చెప్పించుకుంది. నాకు నిజంగానే తలనొప్పి! అయినా రెండోసారి ఇంకా బాగా చెప్పాను.

ఆదివారం ఫోన్‌లో అమ్మకు ఇదే గొప్పగా చెప్పాను.

"అమ్మా, నేను నోరు తెరిస్తే చాలు, అందరు నవ్వుతాండ్రే!"

"జోకులేస్తానవా బిడ్డా?"

"లేదే... ఊకె మాట్లాడినా నవ్వుతాండ్రు."

"జర తక్కువ మాట్లాడు బిడ్డా" అంది అమ్మ. నా టాలెంట్ చూసి ఓర్వలేని మొదటి మనిషి మా అమ్మేనని ఒళ్లు మండింది.

స్కూల్ డే నాటకాల్లో నాకు ఏటా ఒకటే వేషం... పనిమనిషి. రాజుల కథ వేసినా అందులో ఎలాగో ఓ పనిమనిషి పుట్టుకొచ్చేది. "నీకు యాక్టింగ్ అక్కర్లేదమ్మా, ఊరికే మాట్లాడితే చాలు" అనేది నాటకాల మేడం. అది మెచ్చుకోలనుకుని ఎన్నేళ్లు మురిసిపోయానో... తలుచుకుంటే ఇప్పటికీ విసుగొస్తుంది. ఎవరి మీదో మాత్రం తెలీదు.

ఇంజనీరింగ్ అయ్యాక, ఉద్యోగం చేస్తూనే, హైదరాబాద్‌లో ఒక కెఫేలో ఓపెన్ మైక్ ఎక్కాను. ఎవరైనా సరే, మైక్ పట్టుకుని ఐదు నిమిషాలు నవ్వించి చూపించాలి... అంతే.

"అందరు మంచిగున్నరా?" అన్నాను. నవ్వారు. అదేం జోక్? కుశలం అడిగాను! "నేనింకా షురూ జెయ్యలే" అన్నాను. ఇంకా నవ్వారు. వారమంతా కూర్చుని రాసుకున్న అసలు జోక్ చెప్పినప్పుడు మాత్రం మంచినీళ్లు తాగారు.

కిందికి దిగాక షో నడిపే అతను వచ్చి, "సూపర్ అండీ! ఆ స్లాంగ్ ఇంకొంచెం పెంచండి. జోకులు లేకపోయినా నడిచిపోతుంది" అన్నాడు.

విన్నారా? జోకులు లేకపోయినా! కమెడియన్‌కి ఇచ్చే సలహానా అది? పళ్లు నూరుకున్నాను... పెంచాను కూడా. మా ఊళ్లో ఎవరూ మాట్లాడనంతగా సాగదీశాను. షోలు పెరిగాయి.

ఈ మధ్య హనుమకొండలో షో పెట్టారు. దగ్గరే కదా అని అమ్మ మొదటిసారి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. మన జనం... ఇక్కడ దుమ్ము లేపేస్తా అనుకున్నాను.

"అందరు మంచిగున్నరా?"

"ఆ, మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా?" అంది ముందు వరుసలో ఓ పెద్దామె. వెటకారం కాదు... నిజంగానే అడిగింది.

"...మంచిగున్న."

"అన్నం తిన్నవా?"

"తిన్న."

తర్వాత నిశ్శబ్దం. నేను ఏం మాట్లాడినా అది పొద్దున వాళ్లింట్లో మాట్లాడుకున్న మాటే. ఎందుకు నవ్వుతారు? ఎంతసేపు చెమటలు కక్కానో... చివరికి ఆ పెద్దామే, పాపం, చాలా మర్యాదగా అడిగింది. "బిడ్డా... జోకు ఎప్పుడు జెప్తవ్?"

హాలు కూలిపోయేలా నవ్వారు. షో మొత్తానికి పెద్ద నవ్వు ఆమెదే.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"మంచిగ జేసినవ్ బిడ్డా."

"ఏం మంచిగనే? నా మాటలకు ఒక్కలు నవ్వలే!"

"అదే గదా! గంతసేపు మాట్లాడినవ్, నీ మాటకు ఒక్కలు గూడ నవ్వలే. నువ్వు హాస్టల్ల ఉన్నప్పటిసంది నాకదే ఫికర్. ఇయ్యాల పానం నిమ్మళమైంది."

కూతురు షోలో అట్టర్ ఫ్లాప్ అయి కూర్చుంటే తల్లి సంబరం అది! ఏమనాలి చెప్పండి? కోపం రావాలి... రాలేదు.

మర్నాటి నుంచి జోకులన్నీ మొదటి నుంచి రాస్తున్నాను... హనుమకొండలో కూడా నవ్వొచ్చేవి. ప్రాణం పోతోంది. చిన్నప్పుడు జనం నవ్వితే చాలనుకునేదాన్ని... ఇప్పుడు ఎందుకు నవ్వారో కూడా కావాలి. ఆ సుఖం ఇక రాదు.

మీకూ ఉండే ఉంటుంది... ఇంట్లో మామూలుగా అనే మాట, బయట అనగానే నలుగురూ నవ్వినది. ఏ మాటో కింద రాయండి.

నేను నవ్వను.