ఎల్వుడ్ మళ్లీ నేర్చుకున్న ట్రంపెట్

ఎల్వుడ్ టిబ్స్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌కు తిరిగి వచ్చేసరికి భార్య ఆర్డెలియా వంటింట్లో ట్రంపెట్ వాయిస్తోంది. తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. పెళ్లయిన కొత్తలో పెదాలెలా బిగించాలో, ఊపిరెలా దాచుకోవాలో ఆమెకు చూపించింది అతనే. ఇప్పుడు వినిపిస్తున్నది మాత్రం అతను నేర్పింది కాదు. స్వరాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. పాట ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

"పిల్లిని తరుముతున్నావా ఏంటి?" అన్నాడు.

ఆర్డెలియా ట్రంపెట్ బల్ల మీద పడేసి వచ్చి అతన్ని కావలించుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత ముక్కు తుడుచుకుంటూ, "దొరికింది కదా పిల్లి," అంది.

యుద్ధానికి ముందు ఎల్వుడ్ పెద్ద బ్యాండులో వాయించేవాడు. అతను ఒక్క స్వరం పొడుగ్గా పట్టి నిలిపితే డాన్సు హాలులో జంటలు మరింత దగ్గరగా జరిగేవి. మగవాళ్లు సైన్యంలోకి పోయాక బ్యాండుల్లో ఖాళీలు పడ్డాయి. లాండ్రీలో ఇస్త్రీ చేసుకునే ఆర్డెలియా ఒకదాంట్లో చేరింది. ఆదివారం మధ్యాహ్నాలు వీధి చివరి క్లబ్బులో కొందరు పాత పాటలనే విరిచి, వేగం పెంచి, ఎవరూ ఊహించని మలుపులు తిప్పేవారు. ఆర్డెలియా అక్కడికీ వెళ్లి వాళ్లతో వాయించబోతే, ఆడదని మొదట ఎగతాళి చేశారు. అయినా ఆమె వెళ్లడం మానలేదు. కొంతకాలానికి ఆమె తిప్పిన మలుపుల్ని మగవాళ్లు ఇళ్లకు వెళ్లి సాధన చేయడం మొదలుపెట్టారు. ఆ కొత్త రకం జాజ్ సంగీతానికి బీబాప్ అని పేరు పడింది. అవి సంగీతకారుల సమ్మెతో రికార్డులు వేయడం ఆగిపోయిన రోజులు. ఫ్రాన్సులో సైన్యం లారీ తోలుతున్న ఎల్వుడ్ చెవిన అది పడే దారే లేకపోయింది.

"ఇప్పుడే వాయించడానికి రాకు, ముందు కొన్నాళ్లు విను," అని ఆర్డెలియా చెప్పినా వినకుండా, వచ్చిన వారమే అతను ట్రంపెట్ పట్టుకుని ఆ క్లబ్బుకు వెళ్లాడు.

"ఇదిగో, మన ఆర్డెలియాకి నేర్పిన గురువుగారు," అన్నాడు డ్రమ్ములు వాయించే క్లేటస్. "రా అన్నా, స్టేజీ ఎక్కు."

ఎల్వుడ్‌కు కంఠతా వచ్చిన పాటే ఎత్తుకున్నారు. కానీ ఆ వేగంలో అతనికి కాలు పెట్టే చోటు దొరకలేదు. అతను పట్టిన పొడుగు స్వరం ఒంటరిగా నిలబడిపోయింది, మిగతావాళ్లు ఎప్పుడో ముందుకు సాగిపోయారు.

"మేం ఊరు దాటేశాం, నువ్వింకా బండెక్కలేదు అన్నా," అన్నాడు క్లేటస్. అందరూ నవ్వారు. ఆర్డెలియా నవ్వలేదు. తన ట్రంపెట్ అందుకుని అతని వంతు తాను పూర్తిచేసింది. నవ్వుల కన్నా అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చి ట్రంపెట్‌ను మంచం కిందికి తోసేశాడు. ముభావంగా తిరిగాడు. ఒకరోజు అన్నం, చిక్కుళ్లు వడ్డిస్తూ ఆర్డెలియా గరిటె ఆపింది.

"నువ్వు లేనప్పుడు ఇంట్లో చప్పుడే ఉండేది కాదు. భయమేసేది. ఆ క్లబ్బులో కూర్చుంటే నీకేమైందోనని ఆలోచించే తీరిక ఉండదు. అందుకే పోయాను. నిన్ను దాటాలని కాదు."

"దాటావు కదా."

"దాటాను. ఏం చెయ్యమంటావ్? మానెయ్యనా?"

ఆమె మొహం చూశాడు. మానెయ్యమంటే నిజంగానే మానేసేలా ఉంది.

"వద్దు," అన్నాడు. "నెమ్మదిగా వాయించు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

ఆరోజు నుంచి వంటింటి బల్ల దగ్గర పాఠాలు సాగాయి. ఆమె కసురుకునేది, అతను అలిగేవాడు, మళ్లీ కూర్చునేవారు. మలుపులు అర్థమయ్యాయి గానీ వేగం మాత్రం అతని వేళ్లకు ఎన్నటికీ పట్టుబడలేదు. డాన్సు హాళ్లలో జనం పలచబడి పాత బ్యాండు విడిపోయాక సిటీ బస్సు డ్రైవరుగా చేరాడు. ఆర్డెలియా డెట్రాయిట్, షికాగో వెళ్లి వాయించి వచ్చేది. క్లేటస్ కూడా ఆమె వెంటే వెళ్లేవాడు.

ఆమె ఊళ్లో లేని రోజుల్లో ఎల్వుడ్ డ్యూటీ దిగి వచ్చి సాధన చేసుకునేవాడు. ఒక సాయంత్రం పక్కింటి మిసెస్ గాడ్‌సన్ గోడ మీద తట్టింది.

"ఏం బాబూ, ఆర్డెలియా వచ్చేసిందా?"

"లేదు పెద్దమ్మా, నేనే."

"అనుకున్నాలే. తనైతే ఈపాటికి పాట అయిపోయేది."

ఎల్వుడ్ గట్టిగా నవ్వి, పెదాలు తడుపుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.