అంచులో పసుపు పోగు

తహసీల్దారుగా రిటైరవడానికి రెండేళ్ల ముందు, కార్తీక మాసపు ముసురులో, జిల్లా ఆసుపత్రి మార్చురీ దగ్గర నాకు డ్యూటీ పడింది. ముందురోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి వస్తున్న చిన్న ప్రయాణికుల విమానం, వానకు రన్‌వే కనబడక ఒకసారి దిగబోయి పైకి లేచింది. రెండోసారి దిగుతూ రన్‌వేకు ఇవతలే శనగ చేలో పడి అంటుకుంది.

శవాల గుర్తింపు, అప్పగింత నా పని. ప్రతి శవానికీ నంబరు బిళ్ల కడతారు. ఒంటిమీద దొరికినవి అదే నంబరు సంచిలో వేస్తారు. బంధువు వాంగ్మూలం, ఇద్దరు సాక్షుల సంతకాలు, చివర తహసీల్దారు సంతకం ఉంటేనే శవం కదులుతుంది. ముఖం తెలియనంతగా కాలితే డి.ఎన్.ఎ. నమూనా పంపి ఫలితం వచ్చేదాకా ఆగాలి. బట్టలు చూసి అప్పగించకూడదు. ఈ మాట కింది ఉద్యోగులకు నేనే పాఠంలా చెప్పేదాన్ని.

కమలాపురం దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే నేతగాడు వచ్చాడు. ఆయన భార్య రమణమ్మ, ఆమె అక్క నారాయణమ్మ ఆ విమానంలో ఉన్నారు. నారాయణమ్మ కొడుకు హైదరాబాదులో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి వెళ్లి వస్తున్నారు. విమానంలో ఆ వయసు ఆడవాళ్లు వాళ్లిద్దరే. ఒకరు మార్చురీలో ముఖం తెలియనంతగా కాలిన పద్నాలుగో నంబరు. ఇంకొకరు కాలిన గాయాల వార్డులో ఒంటినిండా కట్లతో, గొంతులో గొట్టంతో, స్పృహ లేకుండా ఉన్నారు. ఎవరు ఎవరన్నదే తేలాలి.

పద్నాలుగో నంబరు సంచిలో మూరెడు చీర ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఓబులేసు దాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

"నా చేతి నేతే మేడం. ఈడ సూడండి, ఎర్రంచులో పసుపు పోగొకటి ఉండాది. పడుగు అతికేటప్పుడు పొరపాటున పడింది. సాహుకారు వంక పెట్టి వెనక్కిస్తే నా పెండ్లాము కట్టుకునింది. యాడున్నా గుర్తుపడతా."

వెంట్రుకంత గీత. ఆయన చూపించకపోతే నా కంటికి ఆనేది కాదు. ఇంత వివరంగా చెప్పాక ఇంకేం రుజువు కావాలనుకున్నాను. అప్పగింతలు త్వరగా ముగించమని పైనుంచి ఫోన్లు వస్తున్న మాట నిజమే. వాటి మీదకు నెపం నెట్టను. నేను నమ్మాను, నేను సంతకం పెట్టాను. పద్నాలుగో నంబరు రమణమ్మ అయింది. వార్డులో ఉన్నామె చీటీ మీద నారాయణమ్మ అని రాశారు.

ఓబులేసు ఆ సాయంత్రమే మట్టి చేశాడు. మైల కాబట్టి ఆసుపత్రి వైపు రాలేదు. వార్డులో నారాయణమ్మ కొడుకు పక్కనే కూర్చుని "అమ్మా, నేనుమా" అని పిలుస్తూ ఉండేవాడు. నాలుగో రోజు ఆమె పోయింది. నియమం ప్రకారం ముందే పంపిన ఇద్దరి నమూనాల నివేదిక ఐదో రోజు వచ్చింది. పద్నాలుగో నంబరు నమూనా రమణమ్మ కూతురి రక్తంతో సరిపోలేదు. వార్డులో పోయినామెది సరిపోయింది.

నేనే ఆ పల్లెకు వెళ్లాను. ఓబులేసు మగ్గం గుంట పక్కన కూర్చుని ఉన్నాడు. మార్చురీలో అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను: ఆ పడుగు మీద ఎన్ని చీరలు నేశావని.

"మూడు," అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. పడుగంటే మగ్గం మీద పొడుగునా బిగించే దారాలు, ఒకే పడుగు మీద చీర తర్వాత చీర నేస్తారు. అందులో పడిన తప్పు పోగు ఆ పడుగు పొడుగునా పోతుంది. మూడు చీరల్లోనూ అదే గీత. వాటిలో ఒకటి రమణమ్మ తన అక్కకు పెట్టింది. ఏ నేతగాడైనా నిద్రలో లేపి అడిగినా చెప్పే విషయమిది. కానీ ఆ రోజు మార్చురీలో ఆయన నేతగాడు కాదు, పెళ్లాం పోయిన మనిషి. నేను మాత్రం తహసీల్దారుగానే ఉండాల్సింది.

నివేదికలో ఉన్నది చెప్పాను.

"అయితే నాలుగు దినాలు బతికే ఉన్నిందా మేడం?"

ఉందన్నాను.

"నేనీడ ఆమెకి సమాధి కాడ కూడు పెడతాంటినే."

నాకు తల ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. మట్టి తవ్వి శవాన్ని నారాయణమ్మ కొడుక్కి అప్పగించిన పంచనామా కూడా నేనే రాశాను. విచారణలో నన్ను మందలించి వదిలేశారు. అది చాలా తక్కువ.

కొత్తగా వచ్చే తహసీల్దార్లకు ఒకటే చెబుతాను. గుర్తుపట్టినవాళ్లు ఎంత వివరంగా చెబితే అంత జాగ్రత్తగా, ఇలాంటిది ఇంకొకటి ఉందా అని అడగండి. జవాబు వచ్చేదాకా కలం మూత తీయకండి.