జట్కా బాడుగ ఎవరిచ్చినారు?

పామిడి రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలే రహంతుల్లాకు ఎన్నికలంటే ఇష్టం. ఆ ఒక్కరోజు బాడుగ కోసం రైలు దిగేవాళ్ల ముఖాలు చూసే పని ఉండదు. అరవై రెండులో శనక్కాయల మిల్లు యజమాని పోటీకి నిలబడ్డాడు. ఆయన గుమాస్తా తిమ్మప్ప వచ్చి పోలింగు రోజుకు జట్కా మాట్లాడుకున్నాడు. పెన్న అవతలి పల్లెల జనం కాలికి మట్టి అంటకుండా బండెక్కి వచ్చి ఓటేసి పోయారు. యజమాని గెలిచాడు.

ఓడిపోయినాయన ఊరుకోలేదు. బాడుగ బండ్లు పెట్టి ఓటర్లను ఉచితంగా తోలించడం చట్టవిరుద్ధమని అనంతపురంలో ఎన్నికల ట్రిబ్యునల్‌కు ఎక్కాడు. సాక్ష్యానికి రమ్మని రహంతుల్లాకు సమను వచ్చింది. దాని వెనకే తిమ్మప్పా వచ్చాడు.

"ఏం లేదప్పా, జనమే తలా ఇంత వేసుకొని బాడుగ ఇచ్చినారని చెప్పు. వాళ్లిచ్చుకుంటే తప్పు కాదంట."

"ఆ పొద్దు నా బండెక్కిన కదిరమ్మవ్వ కరువు పనికి పోయి గంజి తాగేది, ఆమె కాడ దుడ్లు యాడుండాయన్నా?"

"ఆమెను ఎవురడుగుతారు? మిల్లుకొచ్చే షావుకార్లంతా నీ బండే ఎక్కుతాండారు. అది మర్చిపోవద్దు."

తిమ్మప్ప పోయాక రహంతుల్లా పెండ్లాం జుబేదాబీ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

"ఏం చెప్తావు?"

"బండి తోలినా, బాడుగ తీసుకున్యా. ఉండేది చెప్తా."

"షావుకార్లు పోతే గుర్రానికి గడ్డి యాడ తెస్తావు?"

రహంతుల్లా లేచిపోయి గుర్రం ముందు ఉన్న గడ్డి వేశాడు.

కోర్టులో ప్రమాణం చేయించి వకీలు అడిగాడు: బాడుగ ఎవరిచ్చారు?

"తిమ్మప్పన్న ఇచ్చినాడు సామీ."

ఓడినాయన మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు ఇంకెవరికైనా తోలావా అని జడ్జి అడిగాడు.

"తోలినా సామీ. మద్యాన్నం పైన ఈ అయ్యవాళ్లకే తోలినా." అతను చెయ్యి చూపించింది ఓడినాయన వైపే. హాలంతా నవ్వింది. ఇంటికి వచ్చాక జుబేదాబీ సంగటి పెట్టింది.

ఎన్నిక రద్దయింది. ఓడినాయనకూ సీటు దక్కలేదు. మళ్లీ ఎన్నికలు పెట్టారు. ఈసారి రెండు పార్టీలూ తెలివి మీరాయి. ముందురోజే ఓటరు చేతిలో రూపాయి పెట్టి, నీ బాడుగ నువ్వే ఇచ్చుకో అన్నాయి. స్టేషను జట్కాలన్నీ కదిలాయి, రహంతుల్లాది తప్ప. అతన్ని ఎవరూ పిలవలేదు. పెన్న ఇసుకలో చెలమ తోడి గుర్రానికి నీళ్లు తాపి, పెండ్లాంతో నడిచి పోయి ఓటేసి వచ్చాడు.

మిల్లు బేరం పూర్తిగా పోయింది. గార్లదిన్నె సంతకు పోయేవాళ్లతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. గుర్రం బక్కచిక్కితే చూడలేక అమ్మేసి, బస్సులు ఆగేచోట సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. ఒకరోజు తిమ్మప్ప కూడా పంక్చరైన సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. రహంతుల్లా కూచోమని బల్ల చూపించి, చక్రం విప్పుకున్నాడు.