జెముడు పాలు కలిసిన దొన

నా చిన్నప్పుడు, అరవైలలో, ఒక ఎండాకాలం పగలు పెనుకొండ కొండమీద చచ్చిపోతానేమోనని ఏడుస్తూ కూర్చున్నాను. బండల మధ్య వాననీళ్లు నిలిచే గుంటను మావైపు దొన అంటారు. పైనున్న పెద్ద దొనలో చేపలుండేవి. ఎప్పుడో పెద్దవాళ్లు కింది చెరువు నుంచి పిల్లచేపల్ని బిందెల్లో మోసుకెళ్లి వదిలారట. ఎవరికైనా కావాలంటే గాలం వేసి, కూరకు చాలినన్ని పట్టుకుని దిగేవారు.

ఆ ఏడు వానల్లేక దొన మోకాలి లోతుకు దిగింది. అవ్వతో పుల్లలేరడానికి వెళ్లిన నేను దప్పికకు ఆగలేక ముందే పరుగెత్తి దోసిళ్లతో తాగేశాను. గొంతు మండింది. తలెత్తి చూస్తే అవతలి ఒడ్డున చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. పక్కనే నలగ్గొట్టిన జెముడు కొమ్మలు. ఆ పాలు కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయనీ, అవి విషమనీ మా ఊళ్లో పిల్లలందరికీ తెలుసు.

"తాగితివా?" అంది వెనకే వచ్చిన అవ్వ.

నేను తేలిన చేపల్ని చూపించి బావురుమన్నాను. అవ్వ నా గొంతులో వేలు పెట్టి కక్కించింది. అయినా నేనొక్కదాన్నే చస్తానని ఏడుపు ఆపలేదు. అవ్వ నన్నొకసారి చూసి, వంగి, దోసెడు నీళ్లు తాగేసింది.

"ఇంగ ఇద్దరం తాగినాం. యాడికి పోయినా తోడుంటా. అరచాకు."

నాకు భయం తగ్గలేదు, రెండింతలయింది. కానీ అవ్వ చెయ్యి దొరికింది.

కాసేపటికి నవ్వుకుంటూ, తట్టలతో ఎక్కివచ్చారు మా నాయనా, ఆయన స్నేహితులూ. దొన ఎలాగూ ఎండిపోతుంది, ఉన్నవన్నీ ఒక్కసారే పట్టేద్దామని జెముడు వేసింది వాళ్లే.

"ఏమ్మా, ఈడ కూచున్నారు?"

"నీ కూతురు ఈ నీళ్లు తాగింది. నేనూ తాగితి. నువ్వు చేపలేరుకో నాయనా, మమ్మల్ని రేపు ఏరుకుందువు."

తట్ట జారిపడింది. నాయన నన్ను వీపుమీద వేసుకుని కొండ దిగుతుంటే ఆయన గుండె నా ఛాతీకి కొట్టుకుంది. అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

ఇద్దరం బతికాం. దొనలో మాత్రం పిల్లచేపలతో సహా ఏదీ మిగల్లేదు. మళ్లీ నిండిన నీళ్లలో పురుగులు తిరిగేవి, వాటిని తినేవి లేక.

చెరువులో ఏం కలిపినా నీళ్లు బాగానే ఉన్నాయని చెప్పే పెద్దమనుషులతో ఇప్పటికీ పోట్లాడతాను. ముందు మీరు తాగండి అంటాను. తాగినవాణ్ని ఇంతవరకూ చూడలేదు. అవ్వ మాత్రం, బాగాలేవని తెలిసే తాగింది.