ఓడినవాడు ఒలిచిన ముంజలు

2019 మే నెల. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె వార్డులో నేను స్టాఫ్ నర్సుని. అసెంబ్లీ ఓట్ల లెక్కింపు రోజు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి మా డాక్టరుగారు వార్డులో టీవీ తీయించేసి ఉన్నారు. అదంతా అప్పలనాయుడు గారి కోసం.

ఆయనది శ్రీముఖలింగం దగ్గర ఒక పల్లె. డెబ్బై దాటిన వరి రైతు. రెండు రోజుల ముందు గుండెపోటుతో వస్తే స్టెంట్ వేశారు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం అది. మంచం పక్కన మానిటర్ పెట్టాం. గుండె లయ తప్పితే కూత పెడుతుంది. ఈ మనిషికి ఇప్పుడు కోపం గానీ దుఃఖం గానీ తగలకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఓటంటే ఆయనకు దేవుడి పని. పోలింగు రోజు తలస్నానం చేసి, విభూది పెట్టుకుని, ఓటు వేసి వచ్చాకే గంజి తాగుతారట. తమ పార్టీ పుట్టినప్పటి నుంచీ, తండ్రిలాగే, ఆ ఒక్క గుర్తుకే వేశారు. నాకు నోరు ఊరుకోదు కదా, "తాతా, ఒక్కసారైనా మార్చాలనిపించలేదా?" అని అడిగేశాను.

"మార్సి ఏటి సేస్తామమ్మా? కొత్తోడొస్తే ఉన్నది సెడగొడతాడు. గట్టు తెగ్గొట్టడం ఒక పూట పని. మల్లీ కట్టాలంటే నడుం ఇరిగిపోతాది" అన్నారు.

మధ్యాహ్నానికి తేలిపోయింది. ఆయన పార్టీ చిత్తుగా ఓడింది. కొడుకు రమణ వరండాలో నన్ను పట్టుకున్నాడు. "సిస్టర్, మా అయ్యకి గెలిసీసినామనే సెప్పేస్తాను. మీరు కాదనకండి."

నేను అబద్ధం చెప్పనన్నాను. చెప్పేవాళ్ళకు అడ్డమూ రానన్నాను. ఆ ముసలాయనకు ఏమైనా అయితే మంచం పక్కన ఉండేది నేనే. నిజంగానే భయం వేసింది.

రమణ చెప్పాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత నవ్వి, "అయితే బావొస్తాడు. ముంజిలు తెస్తాడు" అన్నారు.

ఆ సంగతి రమణ మరిచిపోయాడు. బావ అంటే సింహాచలం, పెద్దాయన భార్యకు అన్న. అదే ఊరు, అవతలి పార్టీ. పెళ్ళినాటి నుంచీ ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పార్టీ ఓడితే వాళ్ళు ముంజలు పట్టుకుని రెండోవాళ్ళ గుమ్మానికి వెళ్ళాలి. ఎదురుగా కూర్చుని, తమ చేత్తో తొక్క ఒలిచి తినిపించాలి. ఫలితాలు వేసవిలో రాకపోతే ముంజల బదులు చెరకు ముక్కలట.

రమణ మామకు ఫోన్ చేసి బతిమాలాడు. సాయంత్రం సింహాచలం గారు సంచితో వచ్చి వార్డు తలుపు దగ్గర ఆగారు. "గెలిసిన నాడు ఓడినోడి యేసం కట్టమంతన్నారమ్మా. ఆడు బతికితే సాలు, ఏ యేసమైనా కడతాను" అన్నారు నాతో.

తల దించుకుని లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. "ఓడిపోనాను బావా" అంటూ ఒక ముంజి ఒలిచి చెయ్యి చాపారు. పెద్దాయన అందుకోలేదు. బావ ముఖంలోకి చాలాసేపు చూశారు.

"బావా, నువ్వు ఓడిపోయినప్పుడల్లా ఏటి సేసేవోడివి? మొకం సెల్లక రెండు మూడు దినాలు గడప దిగేవోడివి కాదు. ఇంట్లోవోలు తిడితే గానీ వచ్చేవోడివి కాదు. ఇయాల పొద్దుగూకకముందే వచ్చీసినావు."

సింహాచలం గారి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నేను మానిటర్నే చూస్తున్నాను. పల్స్ అంకె పెరుగుతోంది. డాక్టరుగారిని పిలవమని పక్క నర్సుకు సైగ చేశాను.

"గెలిసింది నువ్వు" అన్నారు పెద్దాయన.

"డాక్టరుగారు సెప్పొద్దన్నారయ్యా" అని రమణ ఏడుపు గొంతుతో అన్నాడు.

"ఓట్లలో ఓడడం నాకు కొత్తేటిరా? ఎన్నిసార్లు ఓర్సుకోలేదు? ఇయాల నన్ను ఓడిపోడానికి కూడా పనికిరానోడ్ని సేసీసినారు. అదిరా నాను ఓర్సుకోలేంది."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. డాక్టరుగారు వచ్చి నాడి పట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన నా వైపు తిరిగి, "సిస్టరమ్మా, ఈ గొట్టం తీసీ. నాను ఒలవాల" అన్నారు. డాక్టరుగారు నన్ను చూసి తల ఊపారు.

సెలైన్ ఆపి, చేతికున్న కాన్యులా నుంచి గొట్టం విడదీసి మూత బిగించాను. కాన్యులా అంటే నరంలో ఉంచే చిన్న ప్లాస్టిక్ సూది. ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని ఒలవడం మొదలుపెట్టారు. వేళ్ళ మధ్య మొదటిది చితికిపోయి, నీళ్ళన్నీ దుప్పటి మీద పడ్డాయి. రెండోది నిదానంగా, ముక్క చెదరకుండా ఒలిచి బావ అరచేతిలో పెట్టారు.

"తిను. ఐదేళ్ళు మీయే. గట్టు మాత్రం తెగ్గొట్టకండి."

సింహాచలం గారు ఏడుస్తూనే తిన్నారు. చివరి ముంజి ఒలిచేసరికి మానిటర్ మీద అంకె మెల్లగా దిగివచ్చింది. ఆ రాత్రి ఆయన మాత్ర లేకుండా నిద్రపోయారు.

ఇప్పటికీ బంధువులు వచ్చి, ఫలానా కబురు రోగికి తెలియనివ్వద్దని నన్ను అడుగుతూనే ఉంటారు. నేను వాళ్ళను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ కబురు ఎవరు చెబితే బాగుంటుందో, అప్పుడు పక్కన ఎవరుండాలో అడుగుతాను. అప్పలనాయుడు గారికి ఆ రోజు ఓటమి కబురు కన్నా, తన చేత్తో బావకు ముంజలు ఒలిచి పెట్టే వీలు లేకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. మంచం మీద పడుకున్నా ఆయన ఆ ఊరి మనిషే, ఆ బావకు బావే. అది మేమందరం మరిచిపోయాం.