పదిహేనో అడ్మిషన్

ఎల్లేష్ సారుకు ప్రపంచమంతా తెలుసని భువనగిరిలో పేరు. ఏ దేశం ఏ దేశంతో ఎందుకు కయ్యానికి దిగిందో, ఎక్కడో సముద్రంలో ఓడ ఆగితే చిట్యాల హైవే మీద చాయ్ ధర ఎందుకు పెరుగుతుందో విడమర్చి చెప్తాడు. చిట్యాలలో లారీలకు పంచర్లు వేసిన మనిషి కొడుకు. హైదరాబాద్‌లో అంతర్జాతీయ సంబంధాలు ఎం.ఏ. చేసి, పీహెచ్‌డీ సగంలో వదిలేసి, తెలంగాణ వచ్చిన ఏడాదే భువనగిరిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పడానికి చేరాడు.

చేరిన రోజే కరస్పాండెంట్ కృష్ణకాంత్ చెయ్యి చాపాడు.

"ఒరిజినల్సు ఇయ్యి డాక్టర్ సాబ్. నడిమిట్ల ఎల్లిపోతే పిల్లల గతేంగాను?"

టెన్త్ మెమో నుంచి ఎం.ఏ. పట్టా దాకా అన్నీ ఒక ఖాకీ కవర్లో పెట్టి ఇచ్చాడు ఎల్లేష్. కృష్ణకాంత్ దాన్ని తన గదిలోని బీరువాలో పడేసి తాళం వేశాడు. పీహెచ్‌డీ లేని మనిషిని డాక్టర్ సాబ్ అని పిలవడం కృష్ణకాంత్‌కు సరదా. పదేళ్లయినా ఆ సరదా తీరలేదు.

ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌కు పాఠం చెప్పడం సగం పనే. మిగతా సగం ఎండాకాలంలో ఉంటుంది. ఇంటర్ ఫలితాలు రాగానే బండేసుకుని ఊళ్లు తిరగాలి. తల్లిదండ్రులను ఒప్పించి, పిల్లల మెమోలు, టీసీ చేతికి తెచ్చుకోవాలి. కాగితాలు చేతికొస్తేనే అడ్మిషన్ అయినట్టు. పిల్ల మనసు మారినా ఇంకో కాలేజీకి పోయే దారుండదు. పదిహేను మంది చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు. గ్రూపు పోతే సారూ పోతాడు. అందరూ కంప్యూటర్ కోర్సుల వెంట పడుతున్న రోజుల్లో పొలిటికల్ సైన్స్‌కు పదిహేను మందిని పోగెయ్యడమంటే ఎల్లేష్‌కు ఏటా ప్రాణం మీదికొచ్చేది.

పదో ఏడు మే నెలాఖరుకు పద్నాలుగు మంది అయ్యారు. పదిహేనో పేరు కోసం ఆలేరు అవతల ఒక ఊరికి పోయాడు. ఐలేశం అనే కురుమాయన ఇల్లు. ముందురోజే గొర్లకు బొచ్చు కత్తిరించినట్టున్నారు, దొడ్డి పక్కన నల్లటి ఉన్ని కుప్ప పడి ఉంది. ఆయన బిడ్డ నాగరాణి ఇంటర్‌లో మండలం ఫస్టు. సారు ఇచ్చిన కరపత్రాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"దీని మీద అన్ని కంప్యూటర్ బొమ్మలే ఉన్నయి గద సార్. మీరు చెప్పేది ఏంది?"

ఎల్లేష్ దొడ్డి వైపు తిరిగాడు. ఉన్ని కుప్ప కేసి చూశాడు.

"ఇది ఎంతకమ్ముతరే?"

"అమ్ముడా?" ఐలేశం నవ్వాడు. "కత్తిరిచ్చినోనికి మేమే పైసలిచ్చి, ఇగ చేను గట్టున పారబోస్తం. మా అవ్వ బతికున్నప్పుడు గొంగడి నేసేటోళ్లు ఇంటికొచ్చి కొనేది."

"ఎందుకు పోయిన్రు వాళ్లు?"

"ఏమో సారూ. మన రాత."

రాత కాదని చెప్పాడు ఎల్లేష్. ఎక్కడో వేల మైళ్ల అవతలి గొర్రెల మెత్తటి ఉన్ని ఓడల్లో మన రేవులకు ఎలా వస్తుందో, మిల్లు రగ్గు గొంగడిని ఎలా తొక్కేసిందో, సుంకం తగ్గిస్తామని దేశాలు ఒప్పందాలు ఎలా రాసుకుంటాయో చెప్పాడు. మంచం మీద కూర్చుని గంటసేపు చెప్పాడు. నాగరాణి రెప్ప వెయ్యకుండా విన్నది.

"మా తరఫున సంతకం ఎవరు పెట్టిన్రు సార్? పెట్టేటప్పుడు మా నాయినసొంటోళ్లను అడిగిన్రా?"

పదేళ్లలో ఏ విద్యార్థీ అతన్ని ఆ మాట అడగలేదు. ఆ సాయంత్రం ఆమె మెమోలు, టీసీ పట్టుకుని వస్తుంటే ఎల్లేష్‌కు బండి గాలిలో తేలినట్టుంది.

అక్కడే అతను పొరపాటు చేశాడు. అడ్మిషన్ దొరికింది, అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. జూన్ అంతా ఆ పిల్లకు ఫోన్‌లో పాఠాలు చెప్పాడు. రెండు దేశాల రాజకీయాలను పోల్చి చదవడం ఎందుకో చెప్తుంటే మధ్యలో ఆమె అందుకున్నది. "మాకు ఎరుకే సార్. ఒకటే వాన, ఒకటే గడ్డి. ఒక మంద బలుస్తది, ఇంకో మంద ఎండుకపోతది. మందను కాసేటాయినను చూస్తేగాని ఎందుకో తెల్వది." ఎల్లేష్ ఉండబట్టలేక హైదరాబాద్‌లోని పెద్ద యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు ప్రవేశ పరీక్షకు తానే దరఖాస్తు నింపాడు. సీటు వస్తుందని అనుకోలేదు.

వచ్చింది. జులైలో ఒక మంగళవారం పొద్దున తండ్రీబిడ్డలు కాలేజీకి వచ్చారు. శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఒరిజినల్స్ తీసుకుని యూనివర్సిటీలో కనబడాలి. లేకుంటే సీటు తర్వాతి ర్యాంకు వాళ్లకు పోతుంది. ఎల్లేష్ ఆ పిల్ల తల నిమిరి కృష్ణకాంత్ గదిలోకి పోయాడు.

కృష్ణకాంత్ టీ తాగుతున్నాడు. "ఆ పిల్ల పోతే ఎంతమంది మిగులుతరు?"

"పద్నాలుగు సార్."

"దేశాల సంగతి నాకంటె నీకే ఎరుక డాక్టర్ సాబ్. చేతుల ఏం లేనోని మాట ఎవడన్న వింటడా? నాకున్నది గా బీరువనే." కప్పు కింద పెట్టాడు. "సర్కారు గురుకుల కాలేజీల నీకు పోస్టు వచ్చిందట గద. సోమవారం మహబూబ్‌నగర్‌ల సర్టిఫికెట్లు చూస్తరట. నాకు చెప్పనే లేదు."

ఎల్లేష్ చూపు బీరువా మీదికి పోయింది.

"శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్‌ల మన లిస్టు ఖాయమైతది. గప్పటిదాంక పదిహేను పదిహేనే ఉండాలె. గా పిల్లను నువ్వే చూసుకో. నేను చెప్తే లొల్లి పెడుతరు, నువ్వు చెప్తే ఇంటరు. ఖాయమైనంక నీ కవర్ నువ్వు తీస్కపో."

బయటికొచ్చి "పెద్దసారు హైదరాబాద్ పోతుండు, రేపు రాండ్రి" అన్నాడు ఎల్లేష్. బుధవారం వచ్చారు. తాళంచెవి సారు ఇంట్లో ఉన్నదన్నాడు. నాగరాణి స్టాఫ్‌రూం గడప దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది.

"సార్, పిల్లల ఒరిజినల్స్ కాలేజోళ్లు పెట్టుకునుడు రూలేనా? ఫోన్‌ల చూస్తే పెట్టుకోవద్దని ఉన్నది. ఎవరికన్న కాగితం రాసిస్తే ఇప్పిస్తరా?"

పెట్టుకోకూడదన్న ఉత్తర్వు ఎల్లేష్‌కు బాగా తెలుసు. ఒక్క ఫిర్యాదు పోతే కృష్ణకాంత్ గంటలో బీరువా తెరుస్తాడని కూడా తెలుసు. ఆ పిల్ల కళ్లలోకి చూశాడు. తను ఏది చెప్తే అది నమ్మేటట్టు ఉన్నాయి.

"అన్ని కాలేజీల ఇదే రూలు" అన్నాడు. "కాగితం రాస్తే ఇంకా లేటయితది. నేను మాట్లాడుతున్న గద."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అంతా భార్య స్వరూపకు చెప్పాడు. నాలుగేళ్ల కూతురు వర్షిత అతని ఒళ్లోనే నిద్రపోయింది. స్వరూప పిల్లను ఎత్తుకుని లేస్తూ అన్నది.

"గా పిల్లకు తండ్రున్నడు, తిరుగుతుండు. మరి దీనికి?"

గురువారం ఐలేశం ఊరి నుంచి ట్రాలీ ఆటోలో పొట్టేలును తెచ్చాడు. మందలో అదే పెద్దది. కృష్ణకాంత్ బయటికొచ్చి దాని వీపు నొక్కి చూశాడు, కొమ్ములు పట్టుకుని ఊపాడు. "మస్తుగ ఉన్నది. ఆదివారం మా ఇంట్ల బోనాలున్నయి, సమయానికి తెచ్చినవ్" అని అటెండర్‌తో ఇంటికి పంపించాడు. ఐలేశం చేతులు కట్టుకుని "మరి బిడ్డ కాగితాలు దొరా" అన్నాడు. "ఎల్లేష్ సారును అడుగు, ఆయన చేతులనే ఉన్నది" అని లోపలికి పోయాడు కృష్ణకాంత్.

ఐలేశం ఎల్లేష్ వైపు తిరిగాడు. ఎల్లేష్ "రేపు పొద్దున" అన్నాడు. ఆ మాట అనడం ఈసారి అంత కష్టం కాలేదు. మూడు రోజుల్లో నోటికి అలవాటయింది.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకే తండ్రీబిడ్డలు వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఇక్కడి నుంచి యూనివర్సిటీకి రెండు గంటల దారి. ఒంటిగంటకు నాగరాణి లేచి స్టాఫ్‌రూం కిటికీ దగ్గరికి వచ్చింది. ఎల్లేష్ పుస్తకంలో తల పెట్టాడు. రెండింటికి మళ్లీ వచ్చింది. మూడు దాటాక రాలేదు. ఇక బయల్దేరినా అందదు. ఆ సంగతి ఆమెకు తెలిసింది, ఎల్లేష్‌కూ తెలిసింది. ఐలేశంకు ఎవరూ చెప్పలేదు.

అయిదుంపావుకు కృష్ణకాంత్ పిలిచాడు. కంప్యూటర్లో పదిహేను పేర్లు చూపించి, బీరువా తెరిచి, దుమ్ము దులిపి ఖాకీ కవర్ చేతికిచ్చాడు. "మహబూబ్‌నగర్ పొయినంక మమ్ముల మర్చిపోకు. ఇంక నువ్వే లేనప్పుడు గీ గ్రూపెందుకు? వారం దినాలల్ల అందర్ని బీకాంకు మార్పిస్త, ఫీజులైతే మనకే." పై అరలో నాగరాణి మెమోలు కనబడుతూనే ఉన్నాయి. తలుపు మూసుకుంది.

కాలేజీ నుంచి బయటపడాలంటే వరండా దాటక తప్పదు. ఎల్లేష్ కవర్‌ను చంకలో పెట్టుకున్నాడు, కానీ పెద్ద కవర్, దాగలేదు. దాని మీద అతని పేరు, ఎం.ఏ. అన్న అక్షరాలు పెద్దగా ఉన్నాయి. నాగరాణి వాటిని చదివింది. ముందు కవర్‌ను, తర్వాత అతని మొహాన్ని చూసింది.

"మీయి గూడ లోపట్నే ఉండెనా సార్?"

"ఆఁ."

"ఇయ్యాల ఇచ్చిన్రా?"

అతను కవర్‌ను రెండో చంకలోకి మార్చుకున్నాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. ఐలేశం మాత్రం సంబరంగా లేచి నిలబడ్డాడు.

"సారుయి ఇచ్చిన్రంటె ఇగ మనయి గూడ ఇస్తరు బిడ్డా. తాళం తీసిన్రు గద." రెండు చేతులూ జోడించాడు. "కూసుంటం సారూ, ఎంతసేపైనా కూసుంటం. ఇస్తరు గదా?"

"ఇస్తరు, కూసోండ్రి" అని ఎల్లేష్ మెట్లు దిగాడు.